ఏరడం మానేసిన రోజు: క్లౌడ్‌లో ఫొటోల గుట్ట ఎలా పెరిగింది?

‘స్టోరేజ్ నిండిపోయింది’ అని ఫోన్ చెప్పగానే అందరం చేసే పని ఒకటే. గ్యాలరీ తెరిచి నాలుగు ఫొటోలు తీసేస్తాం. అయిదోది చూస్తూ పాత సంగతుల్లో పడిపోతాం. వచ్చే నెల చూద్దాంలే అని మూసేస్తాం. అలా వాయిదా పడుతూ వచ్చిన పని ఒక్కటే, ఏరడం.

ఫిల్ము రోజుల్లో ఈ పని బటన్ నొక్కకముందే అయిపోయేది. రీలుకు 36 ఫొటోలు, అంతే. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరా ఒక్కో ఫొటోను టేపు క్యాసెట్‌లోకి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. ఒక క్యాసెట్‌కు 30 ఫొటోలు. అదీ ఇంచుమించు రీలు లెక్కే. వేలల్లో దాచుకోవాల్సి వస్తుందని అప్పుడెవరు అనుకుంటారు!

నెట్‌లో ఫొటోలు పెట్టుకునే తొలి సైట్లలో దాచడం అసలు వ్యాపారం కాదు. 1999లో మొదలైన ఓఫొటోలో ఆల్బమ్ ఉచితం, ఆదాయం మాత్రం ప్రింట్ల మీద. 2001లో దాన్ని కొడాక్ కొనేసింది, 2012లో మూసేసింది. 2004లో వచ్చిన ఫ్లికర్ దారి వేరు. 2013లో ఒక్కొక్కరికీ ఏకంగా ఒక టెరాబైట్ ఉచితమంది. 2018లో చేతులు మారాక ఉచిత ఖాతాకు వెయ్యి ఫొటోలే అని హద్దు గీసింది. అందరికీ పాఠం కావాల్సిన సంగతి ఇది. కానీ అప్పటికే జనం ఇంకో చోట చేరిపోయారు.

ఆ చోటు గూగుల్ ఫొటోస్. 2015 మేలో వచ్చింది. 16 మెగాపిక్సెళ్లలోపుకు కుదించుకోవడానికి ఒప్పుకుంటే ఎన్నయినా పెట్టుకోవచ్చంది. 2011 నుంచి ఆపిల్ వారి ఐక్లౌడ్‌లో ఉచితంగా దొరుకుతున్నది 5 జీబీయే కాబట్టి ఈ మాటకు జనం ఎగబడడంలో వింత లేదు. నా ఉద్దేశంలో అసలు మార్పు ఆ ‘ఎన్నయినా’లో కూడా లేదు, వెతుకులాటలో ఉంది. ‘సముద్రం’ అని టైప్ చేస్తే సముద్రం ఫొటోలన్నీ ముందుకొచ్చేస్తుంటే ఇక ఫోల్డర్లెందుకు? చెత్త తీసేయడమెందుకు? స్క్రీన్‌షాట్లు, ఫార్వర్డులు, ఒకే నవ్వుకు పదకొండు ఫొటోలు, అన్నీ క్లౌడ్‌లోకి పోయాయి.

2020 నవంబరులో గూగుల్ లెక్క చెప్పింది: దాచినవి 4 లక్షల కోట్లకు పైగా, వారం వారం కొత్తగా చేరేవి 2,800 కోట్లు. ఆ ప్రకటనలోనే ఉచితానికి తెర దించింది. 2021 జూన్ 1 తర్వాత ఎక్కించినవి 15 జీబీ కోటాలోకే వస్తాయి. ఒక్కోటి 3 ఎంబీ అనుకుంటే సుమారు 5 వేల ఫొటోలు. పైగా జీమెయిల్‌కు, ఫైళ్లు దాచుకునే గూగుల్ డ్రైవ్‌కు కూడా ఆ 15 జీబీయే. ఫొటోలతో కోటా నిండితే మెయిల్ రావడం ఆగిపోతుంది. టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

దీనికి తోడు, ఫోన్‌లోనూ క్లౌడ్‌లోనూ ఒకేలా ఉంచే సింక్‌ని విడిగా కాపీ దాచే బ్యాకప్ అనుకోవడం. క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని ఐఫోన్‌లో తీసేస్తే ఐక్లౌడ్‌లోనూ పోతాయి. ‘ఈమధ్య తొలగించినవి’లో 30 రోజులుంటాయి, ఆ తర్వాత అంతే.

సరే, అన్నీ దించుకుని బయటపడదామంటే? గూగుల్‌లో టేకౌట్ అనే సదుపాయం 2011 నుంచీ ఉంది. దించిన జిప్ (ఫైళ్లన్నీ కలిపి కట్టిన మూట) విప్పి చూస్తే ఫొటోల పక్కన జేసన్ అనే చిన్న టెక్స్ట్ ఫైళ్లు కనిపిస్తాయి. కెమెరా తీసిన తేదీని ఫొటోలోనే దాచే ఎగ్జిఫ్ పద్ధతి 1995 నాటిది. అది ఉన్న ఫొటోలకు పెద్ద చిక్కులేదు. స్కాన్ చేసిన పాత పెళ్లి ఫొటో సంగతి చూడండి. ఓపిగ్గా కూర్చుని యాప్‌లో దానికి 1988 జనవరి 1 అని తేదీ ఇచ్చారు. ఆ తేదీ ఫొటోలోకి ఎక్కదు, పక్కనున్న జేసన్‌లో 567993600 లాంటి అంకెగా ఉంటుంది. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లవి. ఇదేం గొడవలే అని జేసన్లన్నీ పారేస్తే, పెళ్లి జరిగింది స్కాన్ చేసిన రోజునే అయిపోతుంది. వాట్సాప్‌లో వచ్చిన మామూలు ఫొటోలకు ఎగ్జిఫ్ అసలే ఉండదు, వాటికి దిక్కు ఫైలు పేరులోని తేదీయే.

ఈ బాధ కొంత తగ్గేలా ఐక్లౌడ్ నుంచి గూగుల్ ఫొటోస్‌కు 2021లో, అటు నుంచి ఇటు 2024లో నేరుగా పంపుకునే వీలు వచ్చింది. దించుకోనక్కర్లేదు, జిప్పులు విప్పనక్కర్లేదు. అయితే పంపినంత మాత్రాన పాత చోట ఏదీ చెరిగిపోదు. ఆ పదకొండు నవ్వులూ ఇప్పుడు ఇరవై రెండయ్యాయి, రెండు కోటాల్లోనూ లెక్కకొస్తున్నాయి.