జోన్ ఎవరిది, రికార్డు ఎవరిది?

వెబ్‌సైట్ పేరును దాని సర్వర్ చిరునామాతో కలిపే వ్యవస్థ డీఎన్ఎస్. దాన్ని వెబ్ ప్యానెల్ ద్వారా నడిపే చోట తరచూ వినపడే మాట ఒకటుంది: "నేను మార్చాల్సింది ఒక్క టీఎక్స్‌టీ రికార్డు. దానికోసం జోన్ మొత్తం నా చేతిలో పెడతారేంటి?" (రికార్డు అంటే ఒక పేరు గురించిన ఒక్కో నమోదు, టీఎక్స్‌టీ అందులో మామూలు అక్షరాలు రాసుకునే రకం. జోన్ అంటే ఒకరి చేతి కింద ఉండే పేర్ల, రికార్డుల గుంపు.) అడ్మిన్ గోడు వేరు. జోన్ ఇవ్వకపోతే ప్రతి చిన్న మార్పూ తన నెత్తిమీదకే వస్తుంది, ఇస్తే రాత్రి నిద్ర పట్టదు. ఈ రెండు గోడులకూ మూలం ఒక్కటే. దాన్ని వెతకాలంటే 1983 దాకా వెళ్లాలి.

అంతకుముందు నెట్‌వర్క్‌లోని పేర్లన్నీ హోస్ట్స్.టెక్స్ట్ అనే ఒకే ఫైల్లో ఉండేవి. దాన్ని స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక బృందం చూసుకునేది. ఫైలూ ఒకటే, దిద్దే చెయ్యీ ఒకటే కాబట్టి అనుమతుల గొడవే లేదు. పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డీఎన్ఎస్ ఆ ఒక్క చేతి మీది భారాన్ని పదిమందికీ పంచింది. ఎవరి జోన్ వాళ్లది. అంటే జోన్ అన్నదే ఒక అధికారపు సరిహద్దు. అయితే ఆ సరిహద్దు లోపల ఎవరు ఏం చేయొచ్చో 1987 నాటి ప్రమాణాలు చెప్పవు. యూజర్ అన్న ఊహే ప్రోటోకాల్‌లో లేదు. సర్వర్‌లో జోన్ ఫైల్ తెరిచి రాయగలిగినవాడే యజమాని.

మొరటు ఏర్పాటే, కానీ దానికీ ఒక సుగుణం ఉంది. ఆ ఫైల్ దాకా వచ్చేవాడికి పేరు చివర చుక్క ఎందుకు పెట్టాలో సాధారణంగా తెలిసి ఉండేది. చుక్క లేకపోతే ఆ పేరు వెనక జోన్ పేరు కూడా వచ్చి అతుక్కుంటుంది. (తెలిసినా తప్పులు జరుగుతాయి, అది వేరే సంగతి. 2009 అక్టోబరులో ఒక స్క్రిప్ట్ ఆ చుక్క పెట్టకపోవడంతో స్వీడన్ దేశపు డాట్ ఎస్ఈ పేర్లన్నీ కాసేపు పనిచేయలేదు.)

ఆశ్చర్యం ఏమిటంటే, సన్నటి అనుమతులు ఎప్పుడో వచ్చాయి. ఫైల్ ముట్టుకోకుండా రికార్డులు మార్చే డైనమిక్ అప్‌డేట్ పద్ధతికి 1997లో ప్రమాణం రాశారు. బైండ్ 9 అనే డీఎన్ఎస్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో అప్‌డేట్-పాలసీ అనే నిబంధన ఉంది. ఫలానా రహస్య కీ ఉన్నవాళ్లు ఫలానా పేరు మీద, ఫలానా రకం రికార్డు మాత్రమే మార్చాలని అందులో రాసుకోవచ్చు. నేటి ఫిర్యాదుకు కావలసిన జవాబు సరిగ్గా ఇదే. కాకపోతే అది కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉండిపోయింది, ప్యానెల్ స్క్రీన్ మీదికి రాలేదు.

స్క్రీన్‌కు దారి వేసింది డేటాబేస్. 2002లో ఓపెన్ సోర్స్ అయిన పవర్‌డీఎన్ఎస్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ రికార్డులను ఎస్‌క్యూఎల్ డేటాబేస్ పట్టికల్లో దాచుకోగలదు. పట్టిక ఉంటే దానికో వెబ్ ఫారం కట్టడం ఎంతసేపు? పీహెచ్‌పీలో రాసిన పవర్‌అడ్మిన్ అనే ప్యానెల్ అలా వచ్చిందే. ఒక్కో జోన్‌కూ పట్టికలో ఒక వరస ఉంది కదా, యజమాని పేరును దానికే తగిలించారు. ఆ రోజుకు అదే సులువు. తర్వాత తలెత్తిన తంటాలు చాలావరకు ఆ సులువు నుంచి వచ్చినవే.

పవర్‌అడ్మిన్ అనుమతుల పేర్లు చూస్తేనే ఆ ఆలోచన కనిపిస్తుంది: సొంత జోన్ చూడటం, ఇతరుల జోన్ చూడటం, సొంతది దిద్దడం, ఇతరులది దిద్దడం. వీటి మధ్య నాకు నచ్చేది ఒకటుంది. 'క్లయింట్‌గా సొంతది దిద్దడం' అన్న ఆ అనుమతి ఉన్నవాళ్లు ఎస్ఓఏ (జోన్ మూల వివరాలు), ఎన్ఎస్ (జోన్ ఏ సర్వర్లలో ఉందో చెప్పేవి) రికార్డులు తప్ప మిగతావి మార్చుకోవచ్చు. కస్టమర్ తన వెబ్‌సైట్ చిరునామా మార్చుకుంటాడు గానీ, పొరపాటున జోన్‌నే ఇంకో సర్వర్ల పాలు చేయలేడు. గీతను జోన్ అంచు నుంచి రికార్డు రకం దాకా జరిపిన చిన్న అడుగు ఇది.

సెట్టింగ్స్‌ది ఇంకో దారి. మొదట్లో అవి సర్వర్‌లోని ఫైల్లో ఉండేవి, ఇన్‌స్టాల్ చేసినవాడే మార్చేవాడు. పవర్‌డీఎన్ఎస్-అడ్మిన్ లాంటి ప్యానెళ్లలో అవి స్క్రీన్ మీదికి వచ్చాయి. ఏ రకాల రికార్డులు అనుమతించాలో టిక్ పెడితే చాలు. కానీ ఆ టిక్కు మనిషిని బట్టి మారదు, ప్యానెల్ వాడే అందరికీ ఒక్కటే. కాబట్టి అనుమతి కావాలనుకున్నవాళ్లకు అక్కడ దొరికేది సెట్టింగే.

2015 చివర్లో వెబ్‌సైట్లకు ఉచితంగా భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అందరికీ అందుబాటులోకి వచ్చాక ఈ లోటు బాగా బయటపడింది. పేరు తనదేనని డీఎన్ఎస్ రికార్డుతో రుజువు చేసి సర్టిఫికెట్ తెచ్చుకునే వెబ్ సర్వర్‌కు కావలసింది ఒక టీఎక్స్‌టీ రికార్డు రాసే హక్కు. దానికి దొరికింది ఏపీఐ కీ, అంటే ప్రోగ్రాములు నేరుగా సర్వర్‌కు ఆదేశాలు ఇచ్చేందుకు వాడే రహస్య సంకేతం. పవర్‌డీఎన్ఎస్ ఏపీఐ కీకి జోన్ల భేదం లేదు, అది ఉంటే సర్వర్‌లోని జోన్లన్నీ చేతికొచ్చినట్టే. 2019 జనవరిలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా అత్యవసర ఆదేశం ఇచ్చి, ప్రభుత్వ విభాగాలు డీఎన్ఎస్ ఖాతాల పాస్‌వర్డులు మార్చి రెండంచెల లాగిన్ పెట్టాలంది. దొంగిలించిన లాగిన్లతో రికార్డులు మార్చి ట్రాఫిక్‌ను దారి మళ్లించిన దాడులే అందుకు కారణం. అదే ఏడాది డీఎన్ఎస్ సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ జోన్ల వారీగా హక్కులు కుదించగల టోకెన్లు తెచ్చింది. అమెజాన్ డీఎన్ఎస్ సేవ రూట్ 53లో పేరు, రకం స్థాయి షరతులు 2022కు గానీ రాలేదు.

సొంతంగా ప్యానెల్ నడిపేవాళ్లకు అసలు చిక్కు అప్‌గ్రేడ్ రోజున ఎదురవుతుంది. కొత్త అనుమతులు ఎంత సన్నగా ఉన్నా, పాత యజమానులకు మొదటిరోజు ఏవి ఇవ్వాలి? తగ్గిస్తే పనులు ఆగుతాయి. ఉన్నవి ఉన్నట్టే ఇస్తే, ఎవరో కూర్చుని ఒక్కో పేరూ తిరగేసేదాకా ఏమీ మారదు. ఆ ఓపిక లేనిచోట సర్టిఫికెట్ రికార్డు ఒక్కదానికే వేరే చిన్న జోన్ సృష్టించి, దాన్ని వెబ్ సర్వర్ యూజర్ పేరిట రాసేస్తున్నారు.