అల ఆరేటప్పుడే పడుతుంది

బడికెళ్ళే రోజుల్లో మాకు వారానికి రెండుసార్లు తలంటు. కుంకుడు రసంతో రుద్ది పోశాక, తువ్వాలుతో తుడిచీ తుడవకముందే బస్సు వేళయ్యేది. సగం తడి మీదే అమ్మ రెండు జడలు అల్లి, పైకి మడిచి రిబ్బన్లు కట్టేసేది. సాయంత్రం వచ్చి విప్పుకుంటే చెవుల దగ్గర్నుంచి కొసల దాకా అన్నీ అలలే. మర్నాడు పొడి జుట్టుకి అదే అమ్మ, అవే రిబ్బన్లు, అంతే బిగువు. విప్పితే మాత్రం ఏదో కాస్త వంపు ఉండేది, దువ్వెన తగలగానే అదీ పోయేది.

ఆ మొదటి రోజు జుట్టునే ఇప్పుడు బీచ్ వేవ్స్ అంటున్నారు. సముద్రంలో మునిగి లేచి, ఎండకీ గాలికీ ఆరినట్టు వదులుగా, కాస్త రేగినట్టు ఉండే అలలు. వీటికోసం వీడియోల్లో చూపించే సరంజామా చాలానే ఉంది: జడలు, ముడులు, పాత సాక్సులు, జుట్టు చుట్టుకునే వేడి కడ్డీలు అంటే కర్లింగ్ రాడ్లు, ఉప్పునీళ్ళ స్ప్రేలు. చూడ్డానికి ఒక్కోటీ ఒక్కో విద్యలా కనిపిస్తుంది గానీ, అలని పుట్టించే పని అన్నిట్లోనూ ఒకటే. జుట్టు ముందు మెత్తబడాలి, మెత్తగా ఉండగా వంగాలి, ఆ వంపులో ఉండగానే మళ్ళీ గట్టిపడాలి. నా రెండో రోజు జడలో లోపించింది ఆ మెత్తబడటమే.

వెంట్రుక మందం 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు దాకా ఉంటుంది. అందులో చాలా భాగం కెరటిన్ అనే ప్రొటీను. గోళ్ళు, ఆవు కొమ్ములు, గొర్రె ఉన్ని కూడా దీని చుట్టాలే. కెరటిన్ అణువులు పొడవాటి గొలుసుల్లాంటివి. ఈ గొలుసుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే బంధాల్లో మన కథకి కావలసినవి రెండు రకాలు. గంధకం పరమాణువులు రెండు కలిసి వేసే డైసల్ఫైడ్ బంధాలు మొదటివి. ఇవి మొండివి, ఎన్ని నీళ్ళు పోసినా చలించవు. రెండోవి హైడ్రోజన్ బంధాలు. విడివిడిగా చూస్తే బలహీనమైనవే, కానీ అసంఖ్యాకంగా ఉంటాయి కాబట్టి జుట్టు బిరుసుదనంలో వీటి వాటా పెద్దది.

తడిపితే జుట్టు తన బరువులో దాదాపు 30 శాతం దాకా నీళ్ళు పీల్చుకోగలదు. నీటి అణువులు గొలుసుల మధ్య దూరి, పాత హైడ్రోజన్ బంధాల్ని విడదీసి, తామే అటూ ఇటూ చేతులు కలుపుతాయి. ఇక గొలుసులు ఒకదాని మీద ఒకటి జారగలవు. జుట్టు ఆరుతున్నకొద్దీ నీరు వెళ్ళిపోతుంది. ఆ క్షణాన గొలుసులు ఎక్కడున్నాయో అక్కడే, దగ్గర్లో దొరికిన వాటితో కొత్త బంధాలు వేసుకుంటాయి. అంటే ఆకారం కుదిరేది మీరు అల్లినప్పుడు కాదు, ఆరినప్పుడు.

నూలు చీర మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చెయ్యడంలో జరిగేదీ ఇదే. నూలులో ఉండేది కెరటిన్ కాదు, సెల్యులోజ్. బంధాలు మాత్రం అవే హైడ్రోజన్ బంధాలు. ఇంకా దగ్గరి పోలిక కావాలంటే వంటింట్లో పల్లీపట్టి ఉంది. పాకం వేడిగా ఉన్నంతసేపు ఎటు వంచితే అటు వంగుతుంది, చల్లారాక ఫెళ్ళున విరుగుతుంది. ముసురు రోజుల్లో డబ్బా మూత సరిగా పెట్టకపోతే మళ్ళీ మెత్తబడి పళ్ళకి అతుక్కుంటుంది. దాన్ని వేడీ మెత్తబరుస్తుంది, తేమా మెత్తబరుస్తుంది. కెరటిన్ స్వభావం కూడా అంతే. తడి జడదీ కర్లింగ్ రాడ్‌దీ ఒకే కిటుకు అనడం అందుకే.

జుట్టు తేమకి ఇంత లొంగుతుందన్న సంగతిని మొదట పనిలో పెట్టినవాడు జెనీవా శాస్త్రజ్ఞుడు ఒరాస్ బెనెడిక్ట్ ద సోస్యూర్. పూర్తిగా పొడిగా ఉన్న గాలి నుంచి పూర్తిగా తేమ నిండిన గాలిలోకి తెస్తే వెంట్రుక పొడవు సుమారు 2 శాతం పెరుగుతుంది. మీటరు వెంట్రుకకి రెండు సెంటీమీటర్లన్నమాట. ఆయన వెంట్రుకకి ఒక ముల్లు తగిలించి గాలిలో తేమని కొలిచే పరికరం తయారుచేసి, 1783లో దాని వివరాలు అచ్చువేశాడు. మనిషి వెంట్రుకలతో పనిచేసే తేమమాపకాలు వాతావరణ కేంద్రాల్లో ఇరవయ్యో శతాబ్దంలోనూ వాడుకలో ఉన్నాయి. పరికరంలో బిగించేముందు సోస్యూర్ వెంట్రుకల్ని సోడా నీళ్ళలో ఉడికించి జిడ్డు వదలగొట్టేవాడు. ఈ జిడ్డు సంగతితో చివర్లో పని పడుతుంది.

ఇక అల్లిక. మూడుపాయల జడలో ఒక్కో పాయ ఓసారి ఎడమకి వంగుతుంది, ఓసారి కుడికి. అలా ఆరిన జుట్టు విప్పితే పాము నడకలా అటూ ఇటూ వంపులు తిరుగుతుంది. అదే జుట్టుని మెలితిప్పి ముడి వేసి ఆరబెడితే తిరుగుడంతా ఒకే దిక్కుకి, కాబట్టి వచ్చేది స్ప్రింగులాంటి ఉంగరం. రాడ్‌కి చుట్టినా అంతే. అందుకే రాడ్ వాడేవాళ్ళు ఒక పాయని కుడికి చుడితే పక్కదాన్ని ఎడమకి చుట్టి, తర్వాత వేళ్ళతో విడదీస్తారు. లేకపోతే ఉంగరాలన్నీ ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోయి ఒకే పెద్ద చుట్ట అయి కూర్చుంటాయి. వదులైన అలకి నా ఓటు జడకే.

జడకీ ఒక ఇబ్బంది ఉంది. పైన లావు, కింద సన్నం. దాంతో పైన పెద్ద అలలు, కిందికి వచ్చేసరికి చీర కుచ్చిళ్ళలాంటి చిన్న ముడతలు. కొసన రెండంగుళాలు అల్లకుండా వదిలేస్తే ఈ తేడా అంతగా కనపడదు. కట్టేది కూడా మెత్తటి రిబ్బనో గుడ్డపీలికో అయితే మేలు. బిగుతు రబ్బరు బ్యాండు పడిన చోట మడత పడుతుంది, ఆ మడత అన్నిటికన్నా బాగా నిలుస్తుంది!

పొడవు జుట్టువాళ్ళకి బరువు ఇంకో చిక్కు. 2014లో అమెరికాలోని ఎంఐటీ, పారిస్ పరిశోధకులు కలిసి వంకర తిరిగిన మెత్తటి కడ్డీలని వేలాడదీసి, ఒకే ఒక్క ఉంగరాల వెంట్రుక తన బరువుకి తాను ఏ ఆకారంలో వేలాడుతుందో లెక్కగట్టారు. కింద మోయాల్సిన బరువు తక్కువ కాబట్టి మెలికలు నిలుస్తాయి, పైన బరువంతా లాగుతుంది కాబట్టి సాగి తిన్నబడతాయి. నడుం దాకా జుట్టున్నవాళ్ళకి మాడు దగ్గర అల నిలవకపోవడం వాళ్ళ చేతకానితనం కాదు.

ఇంట్లో ఎక్కువమంది పొరబడేది తడి ఎంత ఉండాలన్న దగ్గర. నీళ్ళు కారుతుండగా అల్లితే జడ నడిమి భాగం తెల్లారేదాకా ఆరదు. పైపైన తడిమి ఆరిందనుకుని విప్పేస్తారు, లోపలి పాయలు ఇంకా మెత్తగానే ఉంటాయి, గంటలో అలలన్నీ జారిపోతాయి. ముప్పాతిక వంతు పైగా ఆరాక అల్లుకోవడం మంచిది. విప్పేముందు జడ పాయని కాస్త విడదీసి బుగ్గకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే తడి ఉన్నట్టే, ఎందుకంటే ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది. విప్పాక దువ్వెన జోలికి పోవద్దు, వేళ్ళు చాలు.

తొందరున్నవాళ్ళు రాడ్ పట్టుకుంటారు. మామూలుగా వీటి వేడి 150 నుంచి 230 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. పొడి జుట్టు కాస్త ఓర్చుకుంటుంది గానీ తడి జుట్టుకి పెడితే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై, బయటికి దారిలేక వెంట్రుకలోనే బుడగలు కట్టిస్తుంది. సూక్ష్మదర్శినిలో పూసల్లా కనిపించే ఈ స్థితికి వైద్యులు పెట్టిన పేరు బబుల్ హెయిర్. బుడగ ఉన్నచోట వెంట్రుక పుటుక్కున తెగుతుంది. జుట్టు పూర్తిగా ఆరాకే, తక్కువ వేడి మీదే చుట్టండి. తీసిన ఉంగరాన్ని చల్లారేదాకా అరచేతిలో పట్టుకోవాలి. పాకం చల్లారకుండా పళ్ళెం వంచితే ఏమవుతుందో తెలిసిందేగా.

ఒక్కసారి చేయించుకుంటే నెలలు నిలిచే అలలకి మొండి బంధాల్నే తెంచాలి. జర్మనీలో పుట్టి లండన్‌లో సెలూన్ పెట్టిన కార్ల్ నెస్లర్ 1905 ప్రాంతంలో తన భార్య కాథరీనా తల మీదే ప్రయోగాలు చేశాడు. ఆవు మూత్రం, నీళ్ళు కలిపి పట్టించి, కాల్చిన ఇత్తడి కడ్డీలకి చుట్టడం పద్ధతి. మొదటి రెండుసార్లు జుట్టు మాడిపోయింది, నెత్తి కాలింది. మూడోసారి కూడా కూర్చుందంటే ఆవిడ ఓర్పుకి దండం పెట్టాలి. ఇప్పుడు పార్లర్లలో పెర్మింగ్‌కి థయోగ్లైకోలేట్ ద్రావణం గంధకం బంధాల్ని విప్పుతుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ మళ్ళీ ముడివేస్తుంది. అయినా నెలకి ఒక సెంటీమీటరు చొప్పున కొత్త జుట్టు పాత తీరులోనే వస్తూ ఉంటుంది.

మరి ఉప్పు? ఉప్పునీళ్ళే అలని పుట్టిస్తాయని చాలామంది నమ్మకం. వంపు తెచ్చేది నీరు, ఉప్పు కాదు. ఆరాక మిగిలిన స్ఫటికాలు వెంట్రుకల్ని గరుకు చేస్తాయి, దాంతో అవి ఒకదాన్నొకటి పట్టుకుని పాయలుగా నిలుస్తాయి. నునుపు పోయి కాస్త రేగినట్టు కనిపించేదీ దీనివల్లే. సముద్రం లీటరు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఇంట్లో అంత అక్కర్లేదు, పావు లీటరు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను కరిగించి సన్నగా చల్లితే చాలు. రోజూ చల్లితే జుట్టు పీచులా తయారవుతుంది.

అయితే ఉప్పుకో షరతు ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే శుద్ధమైన సోడియం క్లోరైడ్ కూడా ఆ తేమని పీల్చి నీరైపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసుండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతమే చాలు. వానాకాలంలో జాడీలో కల్లుప్పు చెమర్చేది ఇందుకే. విశాఖలో వానాకాలమంతా తేమ 75 దాటడం మామూలు. అక్కడ ఉప్పు స్ప్రే కొట్టుకుని ఆర్కే బీచ్‌కి వెళితే, నెత్తిన ఉప్పే జుట్టుని మళ్ళీ తడుపుతుంది, పొద్దున కష్టపడి వేయించిన హైడ్రోజన్ బంధాల్ని సాయంత్రానికి తనే విప్పించేస్తుంది. మార్చి నెల హైదరాబాదులో అదే స్ప్రే పూటంతా ఆగుతుంది. కోస్తా వాళ్ళకి నా సలహా జిడ్డు, అంటే సోస్యూర్ ఉడికించి మరీ పోగొట్టిన అడ్డంకి. రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతుల్లో పులుముకుని, ఆరిన అలల మీద పైపైన రాయాలి. తేమని అది ఆపలేదు గానీ లోపలికి దూరే వేగాన్ని తగ్గిస్తుంది. మూడో చుక్క పడితే మాత్రం ఆ బరువుకి అల కూర్చుంటుంది.