హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో అరికాళ్ల మంటలు: అపోహలు – వాస్తవాలు

హెచ్‌ఐవీ ఉన్నవారు అరికాళ్లలో మంట, తిమ్మిరి, సూదులతో గుచ్చినట్లు నొప్పి అని చెప్పినప్పుడు, నరాల వైద్యునిగా నన్ను ఆ నొప్పి కన్నా ఎక్కువగా కలవరపెట్టేవి దాని గురించి వారు అప్పటికే గట్టిగా నమ్మి ఉన్న మాటలు.

అపోహ: ఈ మంటలన్నీ హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందుల వల్లనే, వాటిని ఆపేస్తే తగ్గిపోతాయి.

వాస్తవం: ఈ భయానికి ఒకప్పుడు ఆధారం ఉండేది. స్టావుడిన్, డిడనోసిన్ వంటి పాత మందులు కణాలకు శక్తినందించే మైటోకాండ్రియాను దెబ్బతీసి నరాలకు హాని చేసేవి కనుకనే, స్టావుడిన్ వాడకాన్ని క్రమంగా మానుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. నేడు విరివిగా వాడే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్‌లకు అటువంటి చెడ్డపేరు లేదు. పైగా, అదుపులేని హెచ్‌ఐవీయే నరాలను దెబ్బతీయగలదు. అందులోనూ అన్నిటికన్నా పొడవైన నరాల చివరలు ముందుగా దెబ్బతింటాయి కాబట్టి బాధ పాదాల్లో మొదలవుతుంది. మంటలకు భయపడి సొంతంగా ఏఆర్‌టీ మానేస్తే ఆ వైరస్‌కే దారి వదిలినట్లవుతుంది.

అపోహ: వైరల్ లోడ్, అంటే రక్తంలోని వైరస్ పరిమాణం, పరీక్షలో కనిపించనంతగా తగ్గితే నరాల జబ్బు ఉండదు.

వాస్తవం: అంతకుముందే దెబ్బతిన్న నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. మధుమేహం, మద్యం, బి12 లోపం కూడా తోడవుతాయి కనుక వాటినీ వెతకాలి.

అపోహ: బి విటమిన్ మాత్రలు ఎన్ని వేసుకున్నా నరాలకు మంచిదే.

వాస్తవం: క్షయకు వాడే ఐసోనియాజిడ్ శరీరంలో బి6 కొరత తెచ్చి నరాలను బాధిస్తుంది కాబట్టి దానితోపాటు బి6, అంటే పిరిడాక్సిన్, ఇస్తాము. అదే బి6ను పెద్ద మోతాదులో నెలల తరబడి మింగితే, అది నివారించవలసిన జబ్బునే తెచ్చిపెడుతుంది.

అపోహ: నరాల పరీక్ష నార్మల్ అని వచ్చింది, ఇక జబ్బు లేనట్లే.

వాస్తవం: నర్వ్ కండక్షన్ పరీక్ష పెద్ద నరాల తంతువులను మాత్రమే కొలుస్తుంది, మంటను మోసుకెళ్లే సన్నని తంతువులు దానికి చిక్కవు. రోగి చెప్పే మాటను ఆ కాగితం కొట్టివేయలేదు.

అపోహ: కాళ్ల బలహీనత కూడా ఇందులో భాగమే, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగవచ్చు.

వాస్తవం: కొద్ది రోజుల్లోనే కాళ్లు పడిపోతూ, మూత్రం బిగుసుకుపోతే అది వేరే జబ్బు. రోగనిరోధక శక్తిని సూచించే సీడీ4 కణాల సంఖ్య 50 కన్నా తగ్గినవారిలో సైటోమెగాలోవైరస్ అనే మరో వైరస్ వెన్ను నరాల మూలాలను ఇలాగే దెబ్బతీస్తుంది. గాన్సిక్లోవిర్ వంటి మందు ఎంత త్వరగా మొదలుపెడితే నడక నిలిచే అవకాశం అంత ఎక్కువ కనుక, ఆ రోజే ఆసుపత్రిలో చేరాలి.