పాదం విషయంలో నొప్పిని కొలబద్దగా తీసుకోకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

గోదావరి డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో శస్త్రవైద్యుడిగా పనిచేస్తున్న నా దగ్గరికి పాదాల బాధలతో వచ్చేవారు రెండు రకాలు. మొదటి రకం వారు మడమ నొప్పితో కుంటుతూ, కాలు పోతుందేమోనన్న భయంతో వస్తారు. వారిలో ఎక్కువమందికి పాదానికి వచ్చే ప్రమాదమేమీ ఉండదు. రెండో రకం వారు మామూలుగా నడిచి వచ్చి, కుర్చీలో కూర్చుని, కట్టు విప్పుతూ "చిన్న పుండేనండీ, నొప్పి కూడా లేదు, ఇంట్లోవాళ్ళు పోరుపెడితే వచ్చాను" అంటారు. నేను కంగారుపడేది ఈ రెండో రకం వారిని చూసినప్పుడే. కింద రాసిన అపోహలన్నీ నా గదిలో దాదాపు ప్రతివారం వినిపించే మాటలే.

అపోహ: "నొప్పి లేదు కాబట్టి భయం లేదు."

పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగి ఎడమ బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, రూపాయి బిళ్ళంత పుండుతో వచ్చారు. అది ఎలా అయిందో ఆయనకు తెలియదు. వెంట వచ్చిన మనవరాలు బూటును తలకిందులు చేసి దులిపితే ఒక చింతగింజ కిందపడింది. ఆ బూటు ఎప్పుడు తొడుక్కున్నారో వేళ్ళమీద లెక్కపెట్టుకుంటే, రెండు రోజులుగా ఆయన ఆ గింజను తొక్కుతూనే బజారుకూ గుడికీ తిరిగి వచ్చారని తేలింది. ఆయనకు పదిహేనేళ్ళుగా షుగరు ఉంది. చాలాకాలం అదుపు తప్పిన షుగరు పాదాల నరాలను దెబ్బతీస్తుంది. మొదట తిమ్మిర్లు, మంటలు వస్తాయి. కొన్నాళ్ళకు ఆ మంటలు తగ్గిపోతే రోగి నయమైందని సంతోషిస్తాడు గానీ, చాలాసార్లు జరిగేది పాదం మొద్దుబారడమే.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే ఒక నైలాను పోగును, రోగి కళ్ళు మూసుకున్నప్పుడు, అరికాలిలో కొన్ని చోట్ల ఆనించి "తెలుస్తోందా?" అని అడుగుతాం. పరీక్ష రెండు నిమిషాల్లో అయిపోతుంది. షుగరు ఉన్నవారు ఏడాదికి ఒకసారైనా దీన్ని చేయించుకోవాలి, అయితే నేను చూసినంతలో రక్తపరీక్షకు చేయి చాచినంత సులువుగా మేజోడు విప్పేవారు తక్కువ, విప్పమని అడిగే వైద్యులూ తక్కువే.

స్పర్శ లేని పాదం ఎలా పాడవుతుందో ప్రపంచానికి వివరంగా చెప్పినవారిలో ముఖ్యుడు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగులకు శస్త్రచికిత్సలు చేసిన పాల్ బ్రాండ్. ఆ జబ్బులో వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోవడం లేదని, నొప్పి తెలియనందువల్ల రోగి పదేపదే గాయపరచుకోవడమే కారణమని ఆయన చూపించారు. ఇప్పుడు షుగరు రోగులకు మేము రాసే మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు, అంటే ఎం.సి.ఆర్. చెప్పులు, మొదట కుష్ఠు రోగుల కోసం వచ్చినవే. "ఆ చెప్పులు వేసుకుంటే ఊళ్ళో ఏమనుకుంటారో" అని వాటిని అటక మీద దాచిపెట్టిన వారిని నేను ఎరుగుదును. ఇప్పుడు అదే రబ్బరును మామూలు చెప్పుల ఆకారంలోనూ చేసి ఇస్తున్నారు.

షుగరు వల్ల కాలు తీసేయవలసి వచ్చిన సందర్భాల్లో దాదాపు 85 శాతం ఒక పుండుతోనే మొదలవుతాయని వైద్యగ్రంథాలు చెబుతాయి. పుండు మానడానికి మందుల కన్నా ముందు కావలసింది ఆ చోటు మీద బరువు పడకపోవడం. రోజుకు కొన్ని వేలసార్లు తొక్కుతున్న పుండును ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ అయినా మాన్పలేదు. అందుకే ప్రత్యేకమైన పట్టీ, చెప్పు, అవసరమైతే సిమెంటు కట్టు వేసి ఒత్తిడిని పక్కకు మళ్ళిస్తాం. పాదం మీదికి ఎరుపు పాకుతున్నా, దుర్వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గాయమేమీ లేకుండా ఒక పాదం మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా ఉందనీ, నొప్పి మాత్రం అంతగా లేదనీ షుగరు రోగి చెబితే, దాన్ని బెణుకనుకుని మర్దనా చేయించకూడదు. లోపల ఎముకలు విరిగి, కీళ్ళు చెదిరిపోతున్న షార్కో పాదం కావచ్చు. ఇంట్లో ఎవరైనా తమ అరచేతి వెనుక భాగాన్ని రెండు పాదాల మీదా ఆనించి చూస్తే వేడిలో తేడా తెలిసిపోతుంది. దీనికి కావలసింది నడక మానడం, సకాలంలో కట్టు వేయడం. వారం ఆలస్యమైనా పాదం ఆకారం శాశ్వతంగా మారిపోయే అవకాశం ఉంది.

అపోహ: "బొడిపెల చెప్పులు వేసుకున్నా, పచ్చికలో ఉత్తకాళ్ళతో నడిచినా రక్తప్రసరణ పెరిగి షుగరు తగ్గుతుంది."

నడిస్తే షుగరు తగ్గుతుంది. ఆ గొప్పతనం నడకది, బొడిపెలది కాదు. స్పర్శ తగ్గిన అరికాలిలో ప్రతి బొడిపె ఒక చింతగింజే. పచ్చికలో ముళ్ళూ గాజుపెంకులూ ఉంటాయి. అరికాళ్ళ మంటలకు వేడినీళ్ళ కాపడం పెట్టుకోవడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో ఆ పాదానికి తెలియదు, బొబ్బలు తేలాకగానీ మనిషికీ తెలియదు. ఆ మంటలను "ఒంట్లో వేడి" అని సబ్జాగింజలతో సరిపెట్టుకోకుండా షుగరు, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోవాలి. షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నవారిలో బి12 తగ్గడం మేము తరచుగా చూస్తాం.

అపోహ: "మడమలో ఎముక పెరిగింది, కోయించుకోకపోతే తగ్గదు."

ఇక మొదటి రకం వారి సంగతి. పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి నాలుగడుగులు ప్రాణం తీస్తాయి, కాసేపు తిరిగితే సర్దుకుంటుంది, మధ్యాహ్నం కూర్చుని లేవగానే మళ్ళీ పోటు. ఈ వర్ణన వినగానే జబ్బు దాదాపు తెలిసిపోతుంది. మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద వింటినారిలా సాగే గట్టి పొర ఒకటి ఉంటుంది. అది మడమను అంటుకున్న చోట ఒత్తిడికి దెబ్బతినడమే ఈ నొప్పికి కారణం. ఎక్స్‌రేలో కనిపించే ముల్లులాంటి ఎముక, నొప్పి ఏనాడూ ఎరుగని మడమల్లోనూ కనిపిస్తుంది. ఆ ఎక్స్‌రేను చూపించి రోగిని భయపెట్టడం మా వృత్తిలోనే ఉన్న దురలవాటు.

ఎక్కువమందికి ఏడాదిలోపు, కోత లేకుండానే ఇది తగ్గిపోతుంది. మంచం దిగకముందే కాలు చాపి, కండువాను పాదానికి చుట్టి, వేళ్ళను తమ వైపు లాక్కుని 30 సెకన్ల చొప్పున నాలుగైదుసార్లు పట్టి ఉంచాలి. గోడకు చేతులానించి పిక్క కండరాన్ని సాగదీసే వ్యాయామాన్ని రోజుకు మూడుసార్లు చేయాలి. గడ్డకట్టించిన నీళ్ళ సీసాను అరికాలి కింద దొర్లించాలి. ఇవి చవకైన చికిత్సలు కాబట్టి వీటిని చాలామంది నమ్మరు. గ్రానైటు, టైల్సు పరిచిన ఇళ్ళలో గంటల తరబడి ఉత్తకాళ్ళతో వంటగదిలో నిలబడే స్త్రీలకు నేను ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోమంటే, "వంటింట్లో చెప్పులా డాక్టరుగారూ!" అంటారు. వీధి మొహం చూడని కొత్త జత ఒకటి ఇంటికే కేటాయించుకోమని చెప్పడం నేర్చుకున్నాక ఆ పేచీ తగ్గింది. స్టెరాయిడ్ ఇంజెక్షను కొంతకాలం ఉపశమనమిస్తుంది గానీ, పదేపదే చేయిస్తే ఆ పొర తెగే ప్రమాదమూ, మడమ కింద మెత్తలా ఉండే కొవ్వు కరిగే ప్రమాదమూ ఉన్నాయి.

మడమ నొప్పి అనగానే యూరిక్ యాసిడ్ పరీక్ష చేయించుకుని, అంకె కాస్త ఎక్కువ రాగానే టమాటా, పప్పు మానేసేవారూ ఉన్నారు. గౌటు సాధారణంగా రాత్రికి రాత్రి బొటనవేలి మొదటి కీలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పితో మొదలవుతుంది. ఉత్త మడమ నొప్పికి దానితో సంబంధం అరుదు. అయితే చిన్న వయసువారికి రెండు మడమలూ నొప్పిగా ఉండి, పొద్దుటిపూట నడుము అరగంటకు పైగా బిగుసుకుపోతుంటే కీళ్ళవాత నిపుణులకు చూపించాలి.

అపోహ: "ఆనెకాయకు వేరుంటుంది, దాన్ని పీకేస్తేనే పోతుంది."

ఆనెకాయకు వేరు లేదు. ఒకేచోట ఒత్తిడి పడుతుంటే చర్మం మందమై, మధ్యలో మేకులా గట్టిపడుతుంది. ఆ మేకునే జనం వేరనుకుంటారు. చెప్పు మార్చకుండా కాయను మాత్రం తీసేస్తే మూడు నెలల్లో అదే చోట మళ్ళీ తయారవుతుంది. బ్లేడుతో చెక్కుకోవడం, జిల్లేడు పాలు పోయడం, మందుల దుకాణంలో దొరికే కార్ను ప్లాస్టరు అంటించడం షుగరు రోగులు అస్సలు చేయకూడదు. ఆ ప్లాస్టరులో చర్మాన్ని కరిగించే శాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది, దానికి ఆనెకాయకూ మంచి చర్మానికీ తేడా తెలియదు. నిలువుగా నొక్కితే కాక, రెండు పక్కల నుంచి గిల్లినట్టు పట్టుకుంటే నొప్పిగా ఉండి, లోపల నల్లటి చుక్కలు కనిపిస్తే అది వైరస్ వల్ల వచ్చే పులిపిరి కావచ్చు. దాని వైద్యం వేరు.

అపోహ: "ఒంట్లో వేడి వల్లే మడమలు పగులుతాయి."

అరికాళ్ళలో చెమట గ్రంథులున్నాయి గానీ చమురు గ్రంథులు లేవు. అందుకే మట్టిలో, సిమెంటులో, వెనుక భాగం తెరిచిన చెప్పుల్లో తిరిగే మడమ ఎండి బీటలు వారుతుంది. గోరువెచ్చని నీళ్ళలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, రాయితో మృదువుగా రుద్ది, తుడుచుకున్న వెంటనే యూరియా ఉన్న క్రీముగానీ వాసెలిన్‌గానీ రాసుకుని, రాత్రి మేజోళ్ళు తొడుక్కుంటే రెండు మూడు వారాల్లో ఫలితం తెలుస్తుంది. స్పర్శ తగ్గినవారు మాత్రం పాదాలను నానబెట్టకుండా కడిగి, తుడిచి, క్రీము రాసుకుంటే చాలు. ఎంతకీ మానని పగుళ్ళ వెనుక ఫంగసు, సోరియాసిస్, థైరాయిడ్ లోపం ఉండవచ్చు.

అపోహ: "వేళ్ళ సందులు నానిపోవడం ఒక జబ్బే కాదు, బోదకాలు వస్తే చేయగలిగిందేమీ లేదు."

ఈ రెండు మాటలనూ కలిపి రాయడానికి కారణముంది. ఊడ్పుల కాలంలో రోజంతా బురదనీళ్ళలో నిలబడేవారికి, చివరి రెండు వేళ్ళ మధ్య చర్మం తెల్లగా నాని, ఒరుసుకుపోయి, దురదపెడుతుంది. మట్టెల కింద కూడా ఇదే జరుగుతుంది. కాళ్ళకు నీరు పట్టినప్పుడు మట్టెలు బిగుసుకుని వేలిని కోసేస్తాయి కూడా. పసుపూ పారాణీ దట్టంగా ఉన్న పాదంలో ఎరుపు కనిపించదు కాబట్టి, మట్టెలు తీసి, వేళ్ళు విడదీసి చూసుకోవాలి. దుకాణంలో ఇచ్చే మూడు మందులు కలిపిన ఆయింట్‌మెంటులో క్లోబెటసోల్ లాంటి స్టెరాయిడ్ ఉంటే దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, ఫంగసు మాత్రం లోలోపల పాకుతుంది. స్టెరాయిడ్ లేని క్లోట్రిమజోల్ వంటి మందును, మచ్చ పోయాక కూడా మరో రెండు వారాలు వాడాలి. వేళ్ళ సందుల్లో నూనె, వాసెలిన్ రాయకూడదు.

బోదకాలు కర్మఫలమూ కాదు, వంశపారంపర్యమూ కాదు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే పురుగులు లసిక నాళాలను, అంటే ఒంట్లో ఊరే అదనపు నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాలను, పాడుచేయడం వల్ల అది వస్తుంది. అయితే ఆ కాలు ఏటికేడు లావెక్కడానికి పెద్ద కారణం, చలిజ్వరంతో, గజ్జల్లో బిళ్ళకట్టి, కాలు ఎర్రబడే పోట్లు. బ్యాక్టీరియా వల్ల వచ్చే ఈ పోట్లకు దారి చాలాసార్లు ఆ నానిన వేళ్ళ సందే. రోజూ సబ్బుతో కడిగి, మడతలూ సందులూ పొడిగా తుడిచి, ఫంగసు మందు రాసి, కూర్చున్నప్పుడు కాలును ఎత్తులో పెట్టుకునేవారికి ఈ పోట్లు బాగా తగ్గుతాయి. అందుకే బోదకాలు రోగులకు ప్రభుత్వం ఇచ్చే కిట్టులో ఇంజెక్షన్లు కాక టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, ఆయింట్‌మెంటు ఉంటాయి. కిట్టు తెరిచి "ఇంతేనా?" అని పెదవి విరిచేవారిని చూస్తే నాకు బాధేస్తుంది. వ్యాధి ఉన్న జిల్లాల్లో ఊరంతటికీ పంచే డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలు ఇతరులకు పాకకుండా ఆపుతాయి. ఏనాటినుంచో వాచిన కాలును అవి తగ్గించవు.

అపోహ: "గోటి మూలలు లోతుగా కత్తిరిస్తే అది లోపలికి పెరగదు."

జరిగేది దీనికి వ్యతిరేకం. మూలలో మిగిలిన మొన కండలోకి దిగుతుంది. గోరును అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. ముందు భాగం ఇరుకైన బూట్లు మానాలి. చీము పట్టిన గోటిని నెలల తరబడి మాత్రలతో నెట్టుకురావడం కన్నా, పక్క భాగాన్ని మత్తిచ్చి తీయించుకోవడం మేలు.

అపోహ: "దీక్షలో ఉన్నవారి పాదాలకు ఏమీ కాదు."

భక్తిని ప్రశ్నించడం నా ఉద్దేశం కాదు. నేనూ అలిపిరి మెట్లన్నీ ఉత్తకాళ్ళతో ఎక్కినవాడినే. కానీ 41 రోజుల మండల దీక్షలో, తారురోడ్డు మీద, మొద్దుబారిన పాదాలతో నడిచినవారు కాలిన బొబ్బలతో ఏటా వస్తూనే ఉన్నారు. బొబ్బను చిదపకూడదు, పైచర్మం ఒలవకూడదు; కడిగి, పొడిగా కట్టి, షుగరు ఉంటే మరునాటికల్లా చూపించుకోవాలి. మాల వేసుకోకముందే స్పర్శ పరీక్ష చేయించుకోవడం అన్నిటికన్నా మంచిది. కిందటి కార్తీకంలో ఒక గురుస్వామి తన బృందంలో షుగరు ఉన్న 11 మందిని స్వయంగా వెంటబెట్టుకుని వచ్చారు. నైలాను పోగు ఆనించినప్పుడు నలుగురికి తెలియలేదు. "స్వామికి మీ కాళ్ళెందుకు, మీరు కావాలి గానీ" అని ఆయనే వారిని ఒప్పించి, నల్లబట్ట కుట్టిన ఎం.సి.ఆర్. చెప్పులు నాలుగు జతలు చేయించారు. ఆ నలుగురూ సంక్రాంతి తర్వాత చెప్పులు అరిగాయా లేదా అని చూపించడానికి వచ్చారు. మేజోళ్ళు నేను అడగకుండానే విప్పారు.