ఒకే బస్సు, ఇద్దరు యజమానులు

విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో ఆర్టీసీ అద్దె బస్సు ఎక్కినప్పుడు ముందు డ్రైవరును, తర్వాత కండక్టరును చూడండి. టికెట్లు ఇచ్చే కండక్టరు ఆర్టీసీ మనిషి. స్టీరింగు పట్టుకున్న డ్రైవరు మాత్రం బస్సు యజమాని పెట్టుకున్న మనిషి. మే నెల ఎండ ఇద్దరికీ ఒకటే, ప్రయాణికుల చికాకూ ఒకటే. జీతాలు మాత్రం ఒకటి కావు. కండక్టరుకు డీఏ, ఇంక్రిమెంటు, పీఆర్‌సీ ఉంటాయి. డ్రైవరుకు యజమాని ఎంత ఇస్తే అంతే.

ఆ యజమాని చెడ్డవాడు కానక్కర్లేదు. ఆర్టీసీ అతనికి కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. టైర్లు, మరమ్మతులు, బ్యాంకు వాయిదా, డ్రైవరు జీతం అన్నీ అందులోంచే రావాలి. టైరు ధర అతని చేతిలో లేదు, వాయిదా ఆగదు. బిగించగలిగింది జీతం ఒక్కటే.

పనితనాన్ని బట్టే జీతం అనేవారు ఉన్నారు. ఆర్థికవేత్తలు అబౌడ్, క్రమార్జ్, మార్గోలిస్ ఫ్రాన్స్‌లో పది లక్షలకు పైగా ఉద్యోగుల జీతాలను ఏళ్ల తరబడి పరిశీలించి 1999లో ఫలితాలు ప్రచురించారు. ఒకే మనిషి సంస్థ మారినప్పుడు జీతం ఎలా మారిందో చూస్తే, మనిషి వాటా ఎంతో సంస్థ వాటా ఎంతో విడదీయవచ్చు. మనిషి వాటాయే పెద్దదని తేలింది. అయినా సంస్థ వాటా చెరిగిపోలేదు.

యజమాని పట్టు సడలితే ఏమవుతుంది? కంపెనీలను బయటివారు బలవంతంగా కొనేయకుండా అమెరికాలోని కొన్ని రాష్ట్రాలు 1980లలో చట్టాలు చేశాయి. ఎవరో కొనేస్తారన్న భయం పోతే, కంపెనీ నడిపే మేనేజర్లపై యజమానులైన వాటాదారుల ఒత్తిడి తగ్గుతుంది. ఆ తర్వాత అక్కడి జీతాలు ఒకటి రెండు శాతం పెరిగాయని బెర్ట్రాండ్, ముల్లైనాథన్ 2003లో చూపారు. ఉత్పాదకత మాత్రం తగ్గింది. కాబట్టి జీతం పెరిగిన ప్రతిచోటా అందరికీ లాభమేనని నేను అనను.

కార్మికులే యజమానులైతే? ఇటలీ సహకార సంస్థల్లో సగటు జీతం మిగతా సంస్థల కంటే సుమారు 14 శాతం తక్కువని పెంకావెల్, పిస్తఫెర్రి, స్కివార్ది 2006లో తేల్చారు. అక్కడ జీతాలు ఎక్కువగా ఊగిసలాడతాయి, ఉద్యోగాలు తక్కువగా ఊగిసలాడతాయి. గిరాకీ పడిపోయినప్పుడు మనిషిని ఇంటికి పంపకుండా అందరూ కొంత వదులుకోవడాన్ని నేను గౌరవిస్తాను.

2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వోద్యోగులయ్యారు. కండక్టరు చేసే పని మారలేదు, జీతం ఇచ్చే చెయ్యి మారింది. అదే అద్దె బస్సులో ముందు కూర్చున్న డ్రైవరు పేరు ఆ జాబితాలో లేదు.