ఈ పూట ఎండ సాక్ష్యం చెల్లుతుందా?

"ఉక్కపోసిన రోజున భూతాపం నూటికి నూరుపాళ్లు నిజమనిపిస్తుంది. చల్లగాలి వీచిన రోజున ఆ నమ్మకం సడలుతుంది. విషయం చదివి తెలుసుకున్నాక కూడా ఎందుకిలా?" అని ఒక పాఠకుడు అడిగారు. తన మనసు చేస్తున్న పనిని తానే గమనించి అడిగిన ప్రశ్న ఇది. నాకెంతో నచ్చింది.

భూమి ఎందుకు వేడెక్కుతోందో మళ్లీ వివరించను. గాలిలో వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్‌ను శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్లలో 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఈ తేడా చర్మానికి తెలియదు. చర్మానికి తెలిసిందల్లా ఈ పూట ఎండ.

చిక్కంతా అక్కడే. యే లీ, ఎరిక్ జాన్సన్, లీసా జవాల్ అనే పరిశోధకులు అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ జరిపిన పరిశీలనలను 2011లో ప్రచురించారు. ఆ రోజు మామూలుకన్నా వేడిగా ఉందనుకున్నవారు భూతాపాన్ని ఎక్కువగా నమ్మారు, దాని గురించి ఎక్కువగా కలతపడ్డారు. 'దశాబ్దాలుగా భూగోళం సగటు ఉష్ణోగ్రత ఎటు పోతోంది?' అన్నది కష్టమైన ప్రశ్న. 'ఇప్పుడు నాకెలా ఉంది?' అన్నది తేలిక. మనసు గుట్టుగా రెండోదానికి జవాబు వెతికి, దాన్ని మొదటిదాని కింద రాసేస్తుంది.

ఇలాంటి మార్పిడిని మనస్తత్వ శాస్త్రవేత్తలు నోర్బర్ట్ ష్వార్జ్, జెరాల్డ్ క్లోర్ 1983లోనే చూపించారు. ఫోను చేసి 'మీ జీవితం తృప్తిగా ఉందా?' అని అడిగితే, వాన రోజున జనం తక్కువ మార్కులు వేశారు. ముందుగా 'అక్కడ వాతావరణం ఎలా ఉంది?' అని అడిగి ఆ తర్వాత జీవితం గురించి అడిగితే మాత్రం మార్కులు తగ్గలేదు! దిగులు వాన వల్ల వచ్చిందని తట్టగానే, జీవితం గురించి అది చెప్పే సాక్ష్యానికి విలువ పోయింది.

అయితే ఎండకూ ఇదే మందు పనిచేయాలి కదా? పనిచేయదు. జవాల్ బృందం 2014లో ప్రచురించిన అయిదు అధ్యయనాల్లో, ఈ పొరపాటుకు కారణం తెలియనితనం కాదని తేలింది. ఈ రోజు వేడి, గడిచిన రోజుల లెక్కనే మార్చేస్తుంది: ఇలాంటి వేడి రోజులు గతంలో ఉన్నవాటికన్నా ఎక్కువగా ఉన్నట్టు తోస్తుంది. దిగులైతే ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవచ్చు. జ్ఞాపకం అలా కాదు, స్వయంగా చూసిన రుజువులా ఎదుట నిలబడుతుంది. పిల్లి శకునం బతికేదీ ఈ తప్పుడు లెక్క మీదనే: పిల్లి ఎదురై పని చెడిన రోజు గుర్తుంటుంది, ఎదురైనా పని జరిగిన రోజు మరుగున పడుతుంది. అందుకే మూఢనమ్మకం ఉన్నవారిని తెలివితక్కువవారని ఈసడించడం నాకు నచ్చదు. వడగాడ్పు వీచిన ఒక్క రోజును చూపి 'ఇదిగో భూతాపం' అనే మనమూ అదే దారిలో ఉన్నాం. తీర్పు సరైనదే, సాక్షే చెల్లడు.

అలాగని ఉద్వేగాలను తుడిచేస్తే నిఖార్సయిన తర్కం మిగులుతుందని నేననుకోను. నికొలస్ స్మిత్, ఆంథొనీ లైసెరోవిట్జ్ అమెరికాలో చేసి 2014లో ప్రచురించిన సర్వేలో వాతావరణ విధానాలకు మద్దతు ఎవరిస్తారో వయసు, చదువు వంటి వివరాలకన్నా ఉద్వేగాలే బాగా సూచించాయి. ముఖ్యంగా ఆందోళన, ఆసక్తి, ఆశ. నమ్మినందుకు ఆందోళన పడుతున్నారా, ఆందోళన పడ్డందుకు నమ్ముతున్నారా అన్నది సర్వే తేల్చలేదు. దానికి ప్రయోగం కావాలి.

మాథ్యూ ఫైన్‌బర్గ్, రాబ్ విల్లర్ 2011లో ప్రచురించిన ప్రయోగం అలాంటిదే. భూతాపంపై ఒకే వ్యాసానికి రెండు ముగింపులు రాశారు: ఒకటి ప్రళయం, రెండోది పరిష్కారం. ప్రళయపు ముగింపు చదివాక, లోకం న్యాయంగా నడుస్తుందని గట్టిగా నమ్మేవారికి భూతాపం మీదే సందేహం పెరిగింది. ఏ పాపమూ ఎరుగని పిల్లలు బలవుతారంటే వారి లోకమే కూలిపోతుంది. దాన్ని నిలుపుకోవడానికి వార్తను తోసిపుచ్చారు. పిల్లలు భయపడితేనే పాఠం ఎక్కుతుందని మునిగిన నగరాల బొమ్మలతో తరగతి ముగించే ఉపాధ్యాయులకు ఈ ప్రయోగం గురించి చెప్పాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆ రెండు వ్యాసాల్లోనూ మొదటి భాగం, అందులోని శాస్త్రం ఒక్కటే. పరిష్కారంతో ముగిసినదాన్ని చదివినవారిలో ఆ సందేహం పెరగలేదు.