కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ దగ్గరే ఆగిపోయిన ఆడవాళ్ల వైద్యం

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. ఇంత తేడా ఎందుకుందో తెలియాలంటే ముందు ఊళ్లోని సబ్‌సెంటర్ (ఆరోగ్య ఉపకేంద్రం) కథ తెలియాలి.

జబ్బు రాకుండా చూడటం, వస్తే నయం చేయడం రెండూ ఒకేచోట జరగాలని 1946లోనే, దేశంలో వైద్య సేవలు ఎలా ఉండాలో సూచించిన భోర్ కమిటీ చెప్పింది. కానీ 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలై, అరవైల్లో దానికి టార్గెట్లు వచ్చి చేరాయి. ఎమర్జెన్సీ తర్వాత మగవాళ్లు వేసెక్టమీ (మగవాళ్లకు చేసే కు.ని. ఆపరేషన్) అంటేనే భయపడిపోవడంతో ఆ భారమంతా ఆడవాళ్ల మీద పడింది. ఆపరేషన్‌కి ఎన్ని కేసులు తెచ్చిందన్నదే సబ్‌సెంటర్‌లో పనిచేసే నర్సు, అంటే ఏఎన్ఎం పనికి కొలమానమైంది. 1996లో టార్గెట్లు ఎత్తేసినా అలవాటు పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి కు.ని. ఆపరేషన్ అయింది.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, ఆశా కార్యకర్తలు, ఆస్పత్రిలో కాన్పు అయితే డబ్బిచ్చే జననీ సురక్ష యోజన వచ్చాక ఆస్పత్రి కాన్పులు పెరిగాయి. ఇది నిజంగా పెద్ద మేలే. అయితే ఇక పిల్లలు వద్దనుకున్న ముప్ఫై ఏళ్ల మనిషికి ఆ వ్యవస్థలో చోటు దొరకలేదు.

తెల్లబట్ట, నడుము నొప్పి, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం. మగ డాక్టరు ముందు చెప్పుకోలేక నెలల తరబడి ఓర్చుకుంటుంది. చివరికి ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఆయన టౌన్‌కి పంపుతాడు. అక్కడ స్కానింగ్ తీసి, "పిల్లలు పుట్టేశారుగా, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అంటారు. ఆ మాట విన్నాక టెన్షన్‌తో ఏ ఇల్లాలు నిద్రపోతుంది? ఇన్‌ఫెక్షన్ అయితే చాలాసార్లు మందుల కోర్సుతోనే తగ్గిపోతుంది. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ముట్లు ఆగిన ఇబ్బందులన్నీ మొదలై, ఎముకలు గుల్లబారతాయి.

2007లో వచ్చిన ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ పేదలకు పెద్ద ఆసరా అయింది. కానీ అది ఆపరేషన్‌కి డబ్బిచ్చింది, ఆపరేషన్ దాకా రాకుండా చూసే ఓపీకి (ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యానికి) ఇవ్వలేదు. అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారన్న ఆరోపణలు వచ్చాక ఆంక్షలు పెట్టారు.

2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం 100 కేంద్రాల్లో 'ఆరోగ్య మహిళ' మొదలుపెట్టింది. ప్రతి మంగళవారం మహిళా సిబ్బందే చూసేలా ఏర్పాటు చేశారు. థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య), మూత్ర ఇన్‌ఫెక్షన్లు, ముట్లు ఆగే వయసు ఇబ్బందులు, క్యాన్సర్ పరీక్షలు అన్నీ అందులో చేర్చారు. ఇన్నేళ్లకు సరైన దారి దొరికిందనే నా నమ్మకం. కాకపోతే కూలికి పోయే మనిషికి వారంలో ఆ ఒక్కరోజే కుదరకపోవచ్చు. ఆ మరుసటి నెలలోనే, అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక బల్ల, అడ్డంగా తెర, వెలుతురు, శిక్షణ పొందిన నర్సు ఉంటే చాలు. పలచని ఎసిటిక్ ఆమ్లం రాసి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. అయినా 2019-21 సర్వే నాటికి రెండు రాష్ట్రాల్లోనూ 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు.